పాత బుల్లెట్ శబ్దంలో రోగ నిర్ధారణ
1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రెడిచ్ సంస్థ కలిసి నెలకొల్పిన ఎన్‌ఫీల్డ్ ఇండియా తన తిరువొత్తియూరు కర్మాగారంలో తయారుచేసిన పాత 350 సీసీ బుల్లెట్‌ను ఎవరైనా కొత్తగా కొన్నప్పుడు, ఇంజిన్ విప్పించే ముందు ఆయిల్ మట్టం చూసి, ఆ తర్వాత శబ్దాన్ని ఓపికగా వినడం అత్యవసరం.

క్యామ్‌షాఫ్ట్, అంటే వాల్వులను తెరిపించే ఇరుసు, పిస్టన్ తిప్పే ప్రధాన ఇరుసైన క్రాంక్ వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది కనుక, క్రాంక్ రెండు చుట్లకు ఒకసారి వినిపించే సన్నని టకటక సాధారణంగా క్యామ్ కదలికను వాల్వుల వైపు చేర్చే ట్యాపెట్లది. వాటి సర్దుబాటు సరిగా ఉందంటే, ఇంజిన్ చల్లగా, పిస్టన్ కంప్రెషన్ చివరి పైస్థానంలో ఉన్నప్పుడు కుడివైపు మూత తీసి చూస్తే, వాల్వులను కదిలించే పుష్‌రాడ్లు వేళ్లతో సులువుగా తిరగాలి కాని పైకీ కిందికీ కదలకూడదు. చల్లగా ఉన్నప్పుడు మోగి, వేడెక్కగానే తగ్గే చప్పుడు పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఖాళీ పెరిగిందనడానికి సూచన. అది స్వల్పమైతే తక్షణ ప్రమాదం ఉండదు. ఎడమవైపు గలగల, ఇంజిన్ శక్తిని క్లచ్‌కు చేర్చే ప్రైమరీ చైన్ వదులుకావడం వల్ల కావచ్చు.

అన్నిటికంటే భయపడవలసింది, ఎత్తు ఎక్కేటప్పుడు బరువుగా వినిపించే లోతైన దబదబ. కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్, అంటే బిగ్ ఎండ్, అరిగిందన్న అనుమానానికి అది తావిస్తుంది. పొడవైన స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్ భాగాలపై ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే శబ్దస్థానం తెలుస్తుంది, అయితే తిరిగే భాగాలకు చేతులు, బట్టలు దూరంగా ఉంచాలి. ఈ దబదబ నిర్ధారణ అయితే బండిని నడపకుండా, అనుభవజ్ఞుడైన మెకానిక్ దగ్గరికి మరో వాహనంపై చేర్చాలి.