మందుకు లొంగని కణం

మన భన్‌పురిలో సాయంత్రమైతే దోమలు. మందు కొడితే చాలావరకు చస్తాయి. తట్టుకున్న కొన్ని మిగిలి గుడ్లు పెడతాయి. కొన్ని తరాలు గడిచాక ఆ మందుకు దోమలు చావవు. క్యాన్సర్ కణాలు కూడా ఇంచుమించు ఇలాగే కీమోథెరపీ మందులకు లొంగకుండా పోతాయి. ఈ కథలో మన తెలుగు శాస్త్రవేత్త ఒకరున్నారు.

ఆయనే 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కావాలి. దాన్ని కణానికి పనికొచ్చేలా ఒక ఎంజైము మారుస్తుంది. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అమైనోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. తాళంలో వేరే చెవి ఇరుక్కున్నట్టు, ఈ మందు ఆ ఎంజైములో ఇరుక్కుంటుంది. కణం చీలడం ఆగిపోతుంది.

బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఈ మందును రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. అప్పటికి అదొక అద్భుతం. కానీ కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. ఈసారి మందు పనిచేయలేదు.

ఎందుకు? ఒంట్లో క్యాన్సర్ కణాలు కోట్లలో ఉంటాయి. చీలేటప్పుడు జన్యువుల్లో తప్పులు దొర్లుతాయి కనుక అవన్నీ ఒకేలా ఉండవు. కొన్నింటి పొర మీద మందును బయటికి తోడేసే పంపులు ఎక్కువ. కొన్ని, దెబ్బతిన్న డీఎన్ఏను త్వరగా బాగుచేసుకుంటాయి. మరికొన్ని ఆ ఎంజైము జన్యువుకే నకళ్లు పెంచుకుంటాయి. అప్పుడు ఎంజైము ఎంతగా తయారవుతుందంటే, ఇచ్చిన మందు దానికి చాలదు. సుబ్బారావు గారి బృందమే తయారుచేసిన మెథోట్రెక్సేట్ విషయంలో 1978లో శాస్త్రవేత్తలు ఈ సంగతి కనిపెట్టారు. మందు మిగతా కణాలను చంపేశాక, ఇలాంటివే పెరుగుతాయి.

దీనికి విరుగుడు, వేర్వేరు రకాలుగా పనిచేసే మందులను కలిపి ఇవ్వడం. ఒకదాన్ని తప్పించుకున్న కణం ఇంకొకదానికి దొరుకుతుంది. 1960లలో అమెరికా వైద్యులు నాలుగు మందులు కలిపి ఇచ్చి చూశారు. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. నేడు మంచి వసతులున్న ఆసుపత్రుల్లో, పిల్లలకు ఎక్కువగా వచ్చే రక్తక్యాన్సర్ 10 మందిలో 8, 9 మందికి నయమవుతోంది. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావు గారు ఇది చూడలేదు.

మిత్రులారా, ఈ చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది. జబ్బు కనబడకపోయినా కొన్ని కణాలు దాగి ఉండవచ్చు. మధ్యలో ఆపితే అవి మళ్లీ పెరుగుతాయి. మనలాంటి ఇళ్లలో ఎవరికైనా చికిత్స జరుగుతుండగా బదిలీ వస్తే, సామాను కన్నా ముందు ఆసుపత్రి ఫైలు సర్దుకోవాలి. కొత్త ఊళ్లో చికిత్స ఎక్కడ కొనసాగించాలో డాక్టరు గారిని ముందే అడగాలి. ఒక్క విడత కూడా తప్పనివ్వకూడదు.