ఇంట్లోనే పెడిక్యూర్.. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం జాగ్రత్త

పండగ ముందు పార్లర్‌కి వెళ్లకుండా ఇంట్లోనే పాదాలు శుభ్రం చేసుకోవచ్చు. పెద్ద ఖర్చేం లేదు. టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, కాస్త షాంపూ కలిపి పది నిమిషాలు కాళ్లు పెట్టాలి. కాళ్లు రుద్దే రాయితో మడమలు మెల్లగా రుద్దాలి. గోళ్లు తిన్నగా కత్తిరించాలి. మూలల్లోకి లోతుగా కోస్తే గోరు చర్మంలోకి దిగి వాచిపోతుంది. చివర్లో తుడుచుకుని వాజెలిన్ రాస్తే సరి.

అమ్మీకో, నానీకో షుగర్ ఉంటే మాత్రం ఇదే పద్ధతి పనికిరాదు. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. నీళ్లు కాలుతున్నా తెలియదు, బొబ్బ వచ్చాకే చూసుకుంటారు. వాళ్ల కాళ్లు నానబెట్టొద్దు. నీళ్ల వేడి మోచేత్తో చూసి, కడిగి, వెంటనే తుడవాలి. ఆనెకాయల్ని బ్లేడుతో కోయడం అస్సలు వద్దు, డాక్టర్‌కే చూపించాలి. చిన్న గాయమే పుండై, వేలు తీసేసేదాకా పోవచ్చు.

రోజుకు ఐదుసార్లు వజూ చేసేవారు వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకోవాలి, లేదంటే ఫంగస్ పట్టుకుంటుంది. క్రీమ్ కూడా సందుల్లో రాయకూడదు. షుగర్ ఉన్నవాళ్లు వజూ అయ్యాక రోజూ ఒక్కసారైనా అరికాళ్లు చూసుకోవాలి. చూపు ఆననివాళ్లకు పిల్లలు చూసిపెట్టాలి.