మీకు తెలుసా? పట్టుదారం నరానికీ దారి చూపుతుంది!

హిందూపురం మార్కెట్‌కు వచ్చే ఒక్క పట్టుగూడు విప్పితే కిలోమీటరు దాకా దారం వస్తుంది. పెనుకొండ చుట్టుపక్కల మల్బరీ తోటల్లో మొదలై ధర్మవరం మగ్గం మీద చీరగా మారే ఆ పట్టే, తెగిన నరం మళ్లీ పెరగడానికి దారి చూపగలదు.

చేయి లోతుగా తెగి, కండరాన్ని కదిలించే నరం దెబ్బతింటే దాని పోగులు మళ్లీ చిగురిస్తాయి. కానీ నత్తనడకే! రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మోచేతి నుంచి అరచేతి దాకా 25 సెంటీమీటర్లు అనుకుంటే ఎనిమిది నెలలు. ఏడాదిన్నర దాటిందంటే కండరం క్షీణించిపోతుంది, ఆలస్యంగా చేరిన నరాన్ని అందుకోలేదు.

నరం మధ్యలో ఖాళీ పడితే వంతెన వేయాలి. పిక్క వెనుక ఉండే స్పర్శ నరాన్ని తీసి అతకడమే ఇప్పటికీ మేలైన పద్ధతి. అందులోని ష్వాన్ కణాలే కొత్త పోగులను ముందుకు నడిపిస్తాయి. బదులుగా పాదం అంచు మొద్దుబారుతుంది. ఖాళీ గొట్టాలూ వాడతారు, అయితే అవి చిన్న ఖాళీలకే సరిపోతాయి.

పట్టు అక్కరకొచ్చేది ఇక్కడే. దారాన్ని సోడా నీళ్లలో ఉడికించి, సెరిసిన్ అనే జిగురు తీసేస్తే ఫైబ్రాయిన్ మిగులుతుంది. చైనాలోని నాన్‌టోంగ్ శాస్త్రవేత్తలు దానితో గొట్టం చేసి, లోపల ఫైబ్రాయిన్ పోగులే పరిచి, ఎలుక కాలి నరంలో 10 మిల్లీమీటర్ల ఖాళీని పూడ్చారు. ఆరు నెలలకు ఫలితం సొంత నరం అతికినంత దగ్గరగా వచ్చిందని 2007లో ప్రకటించారు.

గాయానికి కుట్లు పడ్డాక కూడా వేళ్లు కదలకపోతే నెలలు ఆగకండి, వెంటనే డాక్టరుకు చూపించండి.