టీచరమ్మకు ఓనమాలు

అక్షరాలు దిద్దించేది టీచరే. కానీ కింద పడితే లేవడం, అనుకున్నది కుదరకపోతే దారి మార్చడం, తెలియనిది తెలియదని ఒప్పుకోవడం... ఈ పాఠాలు చిన్నపిల్లల తరగతిలో తిరగబడి నడుస్తాయి. అక్కడ గురువులు పిల్లలే!

నడక నేర్చుకునే పిల్లలు గంటకు ఎన్నిసార్లు పడతారో తెలుసా? న్యూయార్క్ యూనివర్సిటీలో కేరన్ అడాల్ఫ్ బృందం ఓపిగ్గా లెక్కపెట్టింది. 2012లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం, 12 నుంచి 19 నెలల వయసు పిల్లలు తమ మానాన తాము ఆడుకుంటూ గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. పడ్డవాడు లేచాడు, మళ్లీ నడిచాడు. ఎవరైనా చూశారా అని చుట్టూ చూసి సిగ్గుపడే అలవాటు ఆ వయసుకు ఇంకా అబ్బదు.

ఆ బుడతలే మూడేళ్లు నిండగానే అంగన్‌వాడీకో నర్సరీకో, ఆ తర్వాత ఒకటో తరగతికో వస్తారు. అమ్మ కొంగు వదిలి, ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య కూర్చుంటారు. మొదటి వారమంతా ఏడుపులే. అయినా మర్నాడు మళ్లీ వస్తారు. పొద్దున కటీఫ్ చెప్పుకున్నవాళ్లే మధ్యాహ్న భోజనానికి పక్కపక్కన కూర్చుంటారు. వీళ్లతో రోజంతా గడిపే టీచరు కళ్లు తెరిచి చూడాలే గానీ నేర్చుకోవడానికి బోలెడంత ఉంది.

తాళం వేయని బీరువా

డాక్టర్ మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో బడి తెరిచారు. చుట్టుపక్కల నిరుపేదల పిల్లలే విద్యార్థులు. బోధన సామగ్రి అంతా బీరువాలో ఉండేది. టీచరు తాళం తీసి ఎవరికేది ఇవ్వాలో తనే ఇచ్చేది. ఒకరోజు ఆమె బడికి ఆలస్యంగా వచ్చింది. ముందురోజు తాళం వేయడం మరిచిపోయింది. వచ్చి చూస్తే బీరువా బార్లా తెరిచి ఉంది. పిల్లలు కావలసినవి తీసుకుంటున్నారు.

టీచరు దాన్ని దొంగతనం అనుకుంది. దండించాలంది. మాంటిస్సోరికి మాత్రం ఇంకోటి కనిపించింది. ఏ వస్తువుతో ఏం చేయవచ్చో పిల్లలకు బాగా తెలిసిపోయింది, తమకేది కావాలో తామే ఎంచుకోగలరు. అప్పటినుంచి పెద్ద బీరువా స్థానంలో పిల్లల చేతికందే ఎత్తులో అరలు వచ్చాయి. ఇవాళ మాంటిస్సోరి బడుల్లో కనిపించే ఆ పొట్టి అరలు ఒక విధంగా శాన్ లొరెంజో పిల్లలు రాసిన పాఠమే. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం మూలంగా 1946 దాకా ఇక్కడే ఉండిపోయిన మాంటిస్సోరి మన దేశంలో ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. పిల్లలను ముందు గమనించాలన్నది ఆమె పద్ధతిలో మొదటి సూత్రం.

వకీలు గారికి తెలిసొచ్చింది

మాంటిస్సోరి ఇక్కడికి రాకముందే ఆ పద్ధతిని మన నేలకు తగ్గట్టు మలిచినవారు గుజరాత్‌కు చెందిన గిజూభాయి బధేకా. వృత్తి వకీలు. తన కొడుకు చదువు గురించి ఆలోచిస్తూ చివరికి వకాల్తా వదిలేసి 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచారు. జనం ఆయన్ని ‘మీసాల అమ్మ’ అని ముద్దుగా పిలుచుకున్నారు.

ఆయన రాసిన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’గా వచ్చింది. అందులో కథానాయకుడైన టీచరు నాలుగో తరగతిలో ప్రయోగం చేయబోతాడు. మొదటిరోజు పిల్లలతో మౌనం ఆట ఆడించాలని ఎంతో ముచ్చటగా పథకం వేసుకుని వెళ్తాడు. మౌనం సంగతి దేవుడెరుగు, గది గగ్గోలెత్తిపోతుంది. చేసేది లేక ఆ రోజుకు సెలవిచ్చేస్తాడు. హెడ్మాస్టరుతో చీవాట్లు తింటాడు. మర్నాడు బెత్తం పట్టుకోడు. కథ మొదలుపెడతాడు. పిల్లలు కిక్కురుమనకుండా వింటారు.

కాగితం మీద ఎంత అందంగా ఉన్నా, ఎదురుగా ఉన్న పిల్లలకు పనికిరాని పథకాన్ని పక్కన పెట్టడమే టీచరుకు మొదటి పరీక్ష. అందరి ముందూ ఓడిపోయి, తెల్లారి మళ్లీ అదే గదిలో అడుగుపెట్టడం రెండో పరీక్ష. ఈ రెండూ వేర్వేరు గుణాల్లా కనిపిస్తాయి గానీ, నిజానికి ధైర్యం లేనివాడు దారి మార్చలేడు.

డబ్బా ఉన్నది దేనికి?

పిల్లలకు దారి మార్చడం ఎందుకంత సులువు? టిమ్ జర్మన్, మార్గరెట్ డిఫేటర్ అనే పరిశోధకులు 2000 సంవత్సరంలో ప్రచురించిన ప్రయోగంలో ఒక జవాబు దొరుకుతుంది. ఎత్తులో ఉన్న వస్తువును అందుకోవాలి, దగ్గరున్న డబ్బాను బోర్లించి మెట్టుగా వాడుకోవచ్చు. డబ్బా నిండా సామాన్లు పెట్టి చూపిస్తే ఆరేడేళ్ల పిల్లలు తడబడ్డారు. డబ్బా అంటే సామాన్లు పెట్టుకునేదన్న ఆలోచన అడ్డొచ్చింది. ఐదేళ్లవాళ్లకు అలాంటి అడ్డేమీ లేకపోయింది. వస్తువు దేనికోసం పుట్టిందన్నది వాళ్లకు పట్టదు, ఇప్పుడు దేనికి పనికొస్తుందన్నదే లెక్క.

మన బడిలో ఇదెలా ఉంటుందో చూడండి. దాహం వేసిన కాకి కథ చెప్పగానే ఓ పిల్లాడు లేచి, “టీచర్, నిజంగా నీళ్లు పైకొస్తాయా?” అంటాడు. “నోర్మూసుకుని విను” అంటే పాఠం అక్కడితో సరి. గ్లాసు, గులకరాళ్లు తెప్పిస్తేనే అసలు కథ మొదలవుతుంది. పావు గ్లాసు నీళ్లు పోసి రాళ్లు నింపితే నీళ్లు రాళ్ల సందుల్లోనే ఇంకిపోయినట్టు ఉండిపోతాయి, అంచు దాకా రావు. కథ తప్పినట్టే! ఇప్పుడు టీచరు ముందు రెండు దారులున్నాయి. గ్లాసు పక్కన పెట్టి గద్దించడం ఒకటి. “అరే, రాలేదే! ఎందుకంటారు?” అని పిల్లలనే అడగడం రెండోది. అడిగితే ఎవడో ఒకడు ఇంకొన్ని నీళ్లు పోద్దామంటాడు. సగానికి పైగా పోస్తే నీళ్లు పైకొస్తాయి. కాకికి అక్కరకొచ్చింది రాళ్లే కాదు, కుండలో అప్పటికే ఉన్న నీళ్లు కూడానని ఆ రోజు టీచరుకూ తెలుస్తుంది.

కప్పలా గెంతగలరా?

అభినయ గేయం పాడుతూ పిల్లలు కప్పల్లా గెంతుతుంటే, కొత్తగా చేరిన టీచరు పక్కన నిలబడి చప్పట్లు కొడుతుంది. తనూ గెంతాలంటే వరండాలో హెడ్మాస్టరు చూస్తారేమోనని బెరుకు. పిల్లలు చేయి పట్టి లాగితే తప్ప ఆ బెరుకు వదలదు.

మన ఏజెన్సీ బడుల్లో ఇంతకంటే పెద్ద సాహసం రోజూ జరుగుతోంది. ఇంట్లో కోయ, గోండి, సవర, కువి మాట్లాడే పిల్లలు బడిలో తెలుగునో ఇంగ్లిష్‌నో ఎదుర్కొంటారు. అర్థం కాని మాటల మధ్య రోజంతా కూర్చుని, విన్న ఒక్క ముక్కను పట్టుకుని తప్పో ఒప్పో పలికేస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చింది ఈ భారం తగ్గించడానికే. ఆ బడిలో టీచరు పిల్లల భాషలో నాలుగు మాటలు తప్పుగానైనా పలికితే పిల్లలు పకపకా నవ్వుతారు. నవ్వి, సరిదిద్దుతారు. తప్పు మాట్లాడితే కొంపలేమీ మునగవని ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది.

పెద్ద పీట ఎవరికి?

ఈ ధైర్యం ఎల్లకాలం ఉండదు. కొన్నేళ్లకే జవాబు చెప్పేముందు టీచరు మొహంలోకి చూడటం అలవాటవుతుంది. వెక్కిరింపు, ఎర్ర సిరా, పక్కింటి పిల్లలతో పోలిక కలిసి పిల్లలను పెద్దవాళ్లలా మార్చేస్తాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించి, ఆటపాటలతో చదువు సాగాలంది. విధానం మంచిదే. అమలు మాత్రం గదిలోని టీచరు చేతిలోనే ఉంది.

మన బడుల్లో అనుభవమున్నవారిని పదో తరగతికి, అప్పుడే చేరినవారిని, తక్కువ జీతగాళ్లను చిన్న తరగతులకు వేస్తున్నారు. యాజమాన్యాలూ అధికారులూ ఈ వరస తిరగేయాలి. బడిలో అందరికంటే నేర్పరి, కొత్తది నేర్చుకోవడానికి సిగ్గుపడని టీచరు ఎవరో చూసి, వారికి ఒకటో తరగతి అప్పగించాలి. మంచి జీతం, పలుకుబడి కూడా ఆ తరగతికే దక్కాలి.