ఓటీపీ అడిగినవాడు ఆఫీసరు కాదు

ఇంటర్నెట్ జాగ్రత్తలు అనగానే ప్రొజెక్టరు, ఉపన్యాసం గుర్తొస్తాయి. వాటిని కాదనము. అయితే ఎనిమిది నుంచి పదో తరగతి దాకా హాస్టల్ పిల్లలకు ఈ సంగతులు చెబుతున్న పూర్వ విద్యార్థులుగా మేము గమనించిందేమిటంటే, పాఠం ట్రంకు పెట్టె దగ్గర మొదలుపెడితే త్వరగా ఎక్కుతుంది.

ఎంత స్నేహితుడైనా పెట్టె తాళంచెవి ఊరికే ఇవ్వరు మన పిల్లలు. పాస్‌వర్డు మాత్రం పుట్టిన తేదీ పెట్టుకుంటారు. ఆ తేదీ అడ్మిషన్ రిజిస్టరులో ఉంటుంది, పక్క మంచం వాడికీ తెలుసు. అందుకే పొంతన లేని నాలుగు తెలుగు మాటలు కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోమంటాము. పొడుగ్గా ఉంటుంది, గుర్తూ ఉంటుంది.

అసలు ప్రమాదం స్కాలర్‌షిప్పు దగ్గర వస్తుంది. "ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీవాడి డబ్బు మంజూరైంది, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పండి" అంటారు. అమ్మ ఖాతాలో కూలి డబ్బులూ ఉంటాయి. ఆమెకు మెసేజి చదివిపెట్టేది చాలా ఇళ్లలో మన పిల్లలే. ఫోనులో అడిగినవారెవరికీ ఓటీపీ చెప్పకూడదు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టనక్కరలేదు. ఈ రెండు మాటలు పిల్లవాడికి వస్తే ఇల్లంతటికీ వచ్చినట్లే.

దీన్ని మేము నాటకంగా ఆడిస్తాము. ఒకరు దొంగ ఆఫీసరు, ఒకరు అమ్మ. దొంగ వేషం కట్టినవాడే ముందు నేర్చుకుంటాడు. "సాయంత్రం అయిదులోపు చెప్పకపోతే డబ్బు వెనక్కి పోతుంది" అని బెదిరించడం ఎవరూ నేర్పకుండానే వాడికి తోస్తుంది. తొందరపెట్టడమే మోసానికి ఆయువుపట్టని అక్కడ తెలిసిపోతుంది.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. దొంగలు సొమ్మును ఖాతా నుంచి ఖాతాకు మారుస్తారు. ఎక్కడో ఒకచోట నిలిచి ఉండగానే ఆపించాలి. 2021లో ఈ నంబరు 155260గా ఉండేది, 2022లో 1930 అయింది. పాత కరపత్రం గోడకు ఉంటే దిద్దండి.

ఫోటోల బెదిరింపు ఇంకా కష్టమైనది. ముఖం ఒకరిది, ఒళ్లు మరొకరిది అతికించి, ఊళ్లో అందరికీ పంపుతామంటారు. ఫోటో నిజమైనా, కల్పించినదైనా, పిల్లలను అలా బెదిరించడం 2012 నాటి పోక్సో చట్టం 11వ సెక్షన్‌లో లైంగిక వేధింపుగానే ఉంది. డబ్బు ఇవ్వకూడదు, మెసేజీలు చెరిపేయకూడదు, అవే సాక్ష్యం. పిల్లల సహాయానికి 1098 ఉంది.

ఇంత చెప్పినా పిల్లలు నోరు విప్పకపోవడానికి కారణం ఒక్కటే. చెబితే తిడతారు, ఫోను లాక్కుంటారు, ఆడపిల్లయితే చదువే మాన్పిస్తారు. వార్డెన్లకూ తల్లిదండ్రులకూ మా మనవి ఇది. చెప్పుకున్న పిల్లను ఆ రోజు మాత్రం ఏమీ అనకండి. ఈ రెండు నంబర్లూ మెనూ బోర్డు పక్కనే రాయించండి. ఆ బోర్డు చదవని పిల్లలు ఏ హాస్టల్లోనూ లేరు.