తునికాకు కోసే ఆమె ఏ కంపెనీ ఉద్యోగి?

హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా పోతుంది. అక్కడి సంతలో గోండీ, హల్బీలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. 2007లో దంతెవాడ నుంచి విడదీసిన బీజాపూర్ జిల్లా అది. 2011 జనాభా లెక్కల నాటికి జిల్లాలో ఉన్నది సుమారు రెండున్నర లక్షల మంది. ప్రతి అయిదుగురిలో నలుగురు ఆదివాసులు. చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు మూడో వంతు కూడా లేరు.

పేరున్న పెద్ద ఫ్యాక్టరీ ఇక్కడ లేదు. అలాగని ఇవి కంపెనీలతో సంబంధం లేని ఊళ్లు కావు. ఇక్కడి తునికాకు బీడీ కంపెనీలకు పోతుంది. చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు వ్యాపారుల చేతులు మారి పట్టణాలకు చేరతాయి. గోదావరి ఇవతలి మిరప చేలల్లో బీజాపూర్ ఆడవాళ్లు ఏరిన కాయ కారం పొట్లాలై అంగళ్లలో అమ్ముడవుతుంది. పొట్లం మీద కంపెనీ పేరుంటుంది. కంపెనీ పుస్తకాల్లో ఆమె పేరు ఎక్కడా ఉండదు.

మహిళల ఉద్యోగాలు, సమానత్వం అనగానే కంపెనీలు చూపించే చట్టాలు మన దేశంలో చాలానే ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం స్టాక్ మార్కెట్‌లో నమోదైన ప్రతి కంపెనీ బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలి. పది మంది పనిచేసే ఏ చోటైనా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. 2017 నుంచి ప్రసూతి సెలవు 26 వారాలైంది. యాభై మంది ఉన్న సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం పెట్టాలి. ఇవన్నీ పోరాడి తెచ్చుకున్న హక్కులే, విలువైనవే. కాకపోతే వీటిని అందుకోవాలంటే ముందు ఆమె ఫలానా యజమాని దగ్గర పనిచేస్తోందని కాగితం మీద ఉండాలి. బీజాపూర్‌లో లేనిది ఆ కాగితమే.

కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పనిలో ఉన్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 2017-18లో 23.3 శాతం. 2023-24 నాటికి అది 41.7 శాతానికి పెరిగింది. సంతోషించాల్సిన అంకే. అయితే ఆ పనిచేసేవాళ్లలో మూడో వంతుకు పైగా ఇంటి సేద్యంలో, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా చాకిరీ చేస్తున్నవాళ్లని అదే సర్వే చెబుతోంది. పనిచేసే ఆడవాళ్ల సంఖ్య పెరిగినంత మాత్రాన వాళ్ల చేతికి డబ్బు వస్తోందని అనుకోవడానికి లేదు.

తునికాకు సంగతే చూడండి. ఎండలు ముదిరాక కొద్ది వారాలపాటు సాగే పని ఇది. ఆడవాళ్లు తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, ఇంటికి తెచ్చి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేరుస్తారు. వెయ్యి కట్టలు, అంటే యాభై వేల ఆకులు, ఒక స్టాండర్డ్ బ్యాగు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం దాని ధరను 2500 రూపాయల నుంచి 4000కు, 2024లో 5500కు పెంచింది. కట్టకు అయిదున్నర రూపాయలు, ఆకుకు 11 పైసలు. పెంపు మంచిదే. అయినా సర్కారు లెక్కలు ఆకు సేకరించే కుటుంబాలను లెక్కిస్తాయి. కుటుంబం పేరు మీద వచ్చిన సొమ్ములో ఆకు కోసిన మనిషి వాటా ఎంతో ఆ లెక్కల్లో తేలదు.

అదే ఆకు నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల చేరాక కథ మారుతుంది. అక్కడ ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే మహిళను 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఉద్యోగిగానే గుర్తించింది. ఇంట్లో కూర్చుని చేసే పని కాబట్టి తమకు బాధ్యత లేదన్న కంపెనీల వాదన సుప్రీంకోర్టులో నిలవలేదు. 1985లో భవిష్యనిధి (పీఎఫ్) హక్కు కూడా ఆమెకు ఖాయమైంది. 2015 నుంచి తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలనెలా భృతి ఇస్తోంది. చుట్టే ఆమె బతుకు సుఖంగా ఉందని ఎవరూ అనరు. కానీ ఆమెకు గుర్తింపు కార్డుంది, పీఎఫ్ నంబరుంది, అడిగే హక్కుంది. కోసే ఆమెకు ఈ మూడూ లేవు. ఇద్దరూ పనిచేసేది ఒకే బీడీ కోసం.

మిరప చేలది ఇంకా కఠినమైన కథ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాల్లో కాయ ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి ముఠాలు వస్తాయి. ముఠాలో ఆడవాళ్లు, వాళ్లతో పిల్లలు. కొన్నిచోట్ల కూలి డబ్బుకు బదులు కాయలే కొలిచి ఇస్తారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ మధ్య, ములుగు జిల్లా మిరప పని నుంచి తోటి కూలీలతో అడవి దారిన నడిచి వెళ్తూ, బీజాపూర్ జిల్లాకు చెందిన పన్నెండేళ్ల బాలిక సొంతూరు చేరబోయే ముందు చనిపోయింది. బడిలో ఉండాల్సిన పిల్ల చేలో ఎందుకుందో చెప్పాల్సిన బాధ్యత మేస్త్రీది, రైతుది మాత్రమే కాదు. ఆ కాయ కొనే చివరి కంపెనీది కూడా.

మార్చడానికి ప్రయత్నాలు జరగలేదని కాదు. అడవి సరుకును ఆడవాళ్లే శుభ్రం చేసి, పొట్లం కట్టి అమ్ముకునేలా కేంద్రం తెచ్చిన వన్‌ధన్ పథకం 2018 ఏప్రిల్ 14న మొదలైంది బీజాపూర్ జిల్లాలోనే. పది స్వయం సహాయక సంఘాలు, ఒక్కోదానిలో ముప్పై మంది, మొత్తం మూడు వందల మందికి శిక్షణ అన్నది తొలి కేంద్రం లక్ష్యం. చింతపండు దిమ్మలు చేయడం, ఇప్పపువ్వు నిల్వ, సారపప్పు శుభ్రం చేయడం అక్కడి పనులు. ఆలోచన సరైనది. కానీ శిక్షణ సగం పనే. ఏటా ఇంత సరుకు, ఇంత ధరకు కొంటామని రాసిచ్చే కంపెనీ లేకపోతే సంఘం మళ్లీ సంతలో షావుకారు ముందే నిలబడాలి. పక్కనున్న దంతెవాడ జిల్లా హారం గ్రామంలో 2021 జనవరిలో డానెక్స్ పేరుతో బట్టల ఫ్యాక్టరీ మొదలై సంఘాల మహిళలకు నెలజీతం పని చూపించింది. అలాంటి చోట కుట్టు మిషన్ ఎంత ముఖ్యమో, ఆగకుండా వచ్చే ఆర్డరూ అంతే ముఖ్యం.

హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఎన్‌ఎండీసీ 1968 నుంచి అదే దంతెవాడ జిల్లాలోని బైలదిలాలో ఇనుప ఖనిజం తవ్వుతోంది. ఆ సంస్థ బాలికా శిక్షా యోజన కింద 2011 నుంచి బస్తర్ ప్రాంతపు ఆదివాసీ అమ్మాయిలను హైదరాబాద్ అపోలో సంస్థల్లో నర్సింగ్ చదివిస్తోంది. కంపెనీ డబ్బు ఒక అమ్మాయి జీవితాన్ని ఎలా మార్చగలదో చూపే మంచి ఉదాహరణ ఇది. అయితే గనిలోనూ ఆమెకు చోటుండాలి. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి, రాత్రి షిఫ్టుకు రానివ్వలేదు. 2019లో కేంద్రం సడలించాకే దారి తెరుచుకుంది. కొద్ది ఏళ్లలోనే తెలంగాణకు చెందిన రసకట్ల సంధ్య రాజస్థాన్‌లో హిందుస్థాన్ జింక్ భూగర్భ గనికి మేనేజర్ అయ్యారు. అన్నేళ్లూ అడ్డుపడింది చట్టమే తప్ప ఆడవాళ్ల అశక్తత కాదని అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఉద్యోగాలు ఇచ్చినంత మాత్రాన బాధ్యత తీరిపోదని అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం గుర్తుచేస్తుంది. అక్కడి బ్రాండిక్స్ దుస్తుల సెజ్‌లో చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే వేల మంది మహిళలే ప్రధాన శ్రామికులు. 2022 జూన్‌లో, మళ్లీ ఆగస్టులో విషవాయువు పీల్చి అక్కడ పెద్ద సంఖ్యలో మహిళలు ఆసుపత్రుల పాలయ్యారు. మొదటి ప్రమాదం తర్వాత రెండు నెలలకే రెండోది జరగడాన్ని ఏ వివరణా సమర్థించలేదు.

ఈ బాధ్యతను చట్టమే కంపెనీల మీద పెట్టిన చోట్లూ ఉన్నాయి. ఐస్‌లాండ్‌లో 2018 నుంచి అమలైన చట్టం ప్రకారం పాతిక మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ, ఒకే విలువైన పనికి ఆడా మగా తేడా లేకుండా జీతమిస్తున్నట్టు తానే నిరూపించుకోవాలి. రుజువు చేసే భారం ఉద్యోగిని మీద వేయలేదు. మన స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కూడా తొలి వెయ్యి నమోదిత కంపెనీలను బాధ్యతా నివేదికలు ఇవ్వమంటోంది. కానీ సరుకు పంపేవాళ్ల వివరాలు ఇవ్వడాన్ని కంపెనీల ఇష్టానికే వదిలేసింది.

అందుకే బీడీ కంపెనీలు, మసాలా కంపెనీలు, అడవి సరుకు కొనే సంస్థలు సొంత చొరవతో చేయాల్సిన పనులున్నాయి. కల్లంలో కట్ట అప్పగించిన మహిళ పేరే రాయాలి, డబ్బు ఆమె ఖాతాలోనే పడాలి. మిరప కొనే ఒప్పందంలోనే కూలి డబ్బు రూపంలో ఇవ్వాలన్న షరతు, చేను పక్కన పిల్లలకు నీడ, బడి ఏర్పాటు ఉండాలి. వన్‌ధన్ సంఘాలతో ఏడాది ముందే కొనుగోలు ఒప్పందం రాసుకోవాలి. ఇందులో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. వచ్చే తునికాకు సీజన్ నుంచే మొదలుపెట్టవచ్చు.