అంతర్యుద్ధమున ఉప్పు, నీరు, రొట్టె

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1861 మొదలు 1865 వఱకు ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము జరిగెను. సుమారు 40 లక్షల నల్లజాతివారిని బానిసలుగా నుంచుకొను పద్ధతి నిలుచునా, పోవునా యనునదే వైరమునకు మూలము. సేనానుల పేరులు చరిత్ర గ్రంథములలో గలవు. పోరులేని దినములలో సిపాయి యెట్లు బ్రతికెను, ఊళ్లలో మిగిలినవారేమి తినిరి అను సంగతి చెప్పుటకే నేను పూనుకొంటిని.

ఆ యుద్ధమున ఆఱు లక్షలకు పైగా సైనికులు మరణించిరి. వారిలో మూడింట రెండువంతులమంది రోగములకే బలియైరి. పల్లెలలో ఎడమెడముగా పెరిగిన రైతుబిడ్డలు దండులో తొలిసారి వేలకొలదిగా ఒక్కచోట చేరిరి. పసితనమున రావలసిన తట్టు వారికి నడియౌవనమున సోకెను. మలము పోయు గోతుల చెంతనే త్రాగునీరు తోడుకొనుటచే విరేచనములు, రక్తగ్రహణి, టైఫాయిడ్ జ్వరము వ్యాపించెను. సూక్ష్మజీవులవలన రోగము వచ్చునని నాటి వైద్యులకే తెలియదు. ఒకనికి వాడిన కత్తిని తుడిచి మఱియొకనికి వాడుచుండిరి.

ఉత్తరపు సిపాయికి దొరకినది పిండియు నీరును కలిపి కాల్చిన చదరపు బిస్కత్తు. అది పంటికి లొంగదు. తుపాకి మడమతో పగులగొట్టి కాఫీలో నానవేసి, పైకి తేలిన పురుగులను తీసివేసి తినుచుండిరి. ఉత్తరపు నౌకలు రేవులను బంధించుటచే దక్షిణపువారికి కాఫీ కరవు. పొగాకు మాత్రము సమృద్ధి. 1862 డిసెంబరున ఫ్రెడరిక్స్‌బర్గు వద్ద వేలమంది కూలిరి. అటుపిమ్మట ఆ శీతకాలముననే, అచ్చటి రాపహానక్ నదికి ఇరువైపుల నున్న కావలివారు చిన్న చెక్కపడవలకు చాపలెత్తి, ఒకవైపునుండి పొగాకును, రెండవవైపునుండి కాఫీని పంపుకొనిరి. అధికారులు వలదన్నను అది మానలేదు.

ఇంటనున్న స్త్రీలకు ఉప్పే పెద్ద చిక్కయ్యెను. ఏడాదికి సరిపడు పందిమాంసమును ఉప్పులో ఊరవేసి దాచుకొనుట అచ్చటి యాచారము. రేవులు మూతపడగా వారు మాంసమునకు పొగపెట్టు కొట్ల మట్టినేలను త్రవ్విరి. ఏండ్లతరబడి ఉప్పునీరు పీల్చిన ఆ మన్నును నీట కలిపి, వడబోసి, కాచి, అడుగున మిగిలిన ముఱికి యుప్పును దాచుకొనిరి. చవుటినుండి ఉప్పు తీయుట చూచినవారికి ఆ శ్రమ యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. 1863 ఏప్రిలు 2న దక్షిణ రాజధానియగు రిచ్‌మండులో ఆకలిగొన్న స్త్రీలు వీథులకెక్కి అంగళ్లను పగులగొట్టిరి.

ఆ యేటనే మిసిసిపీ తీరమందలి విక్స్‌బర్గు పట్టణమును ఉత్తరసేన 47 దినములు ముట్టడించెను. ఫిరంగి గుండ్లకు వెఱచి జనులు కొండచరియలలో గుహలు త్రవ్వుకొని పిల్లలతో కాపురముండిరి. కంచరగాడిదల మాంసము తినిరి. కాగితము లేక అచ్చటి పత్రికను గోడలకంటించు రంగుకాగితముల వెనుకవైపున అచ్చువేసిరి. జులై 4న పట్టణము లొంగిపోయెను. ఆ దినమున గెలిచిన సిపాయిలు తమ సంచులలోని రొట్టెను లొంగినవారికి పంచియిచ్చిరి.